నూటపదహార్లకి పలుపుతాడు

ఈమధ్య మా అవుక్కి కూడా గిఫ్టుకార్డులు వచ్చేశాయి. సంక్రాంతికి ఒకటి, పెళ్ళిరోజుకి ఒకటి, సీమంతానికి ఒకటి. తళతళలాడే కవరు, అందులో బెత్తెడు ప్లాస్టిక్కు ముక్క, దానిమీద ఎర్ర రిబ్బను కట్టిన పెట్టె బొమ్మ. పెట్టె బొమ్మే గాని పెట్టె వుండదు సుమండీ! పంపేది బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలే. పాపం, ప్రేమగానే పంపుతారు.

అవుకు ఎక్కడుందో తెలియని సోదరీమణులకి రెండు ముక్కల్లో చెబుతాను. బనగానపల్లె తెలుసుగా, మామిడిపళ్ళ పేరు చెబితే గుర్తొచ్చే వూరు? దానికి పొరుగున వుంటుంది మా వూరు. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా, ఆ తర్వాత నంద్యాల జిల్లా. పడవలు తిరిగేటంత రిజర్వాయరుంది. చుట్టుపట్ల నాపరాళ్ళ గనులున్నాయి. కిరాణా అంగళ్ళున్నాయి, బట్టల అంగళ్ళున్నాయి, ఫోను చూపిస్తే డబ్బు పుచ్చుకునే కూరగాయల బండ్లు కూడా వున్నాయి. లేనిదల్లా ఆ కార్డుల మీద పేర్లు అచ్చువేసుకున్న పెద్ద కొట్లలో ఒక్కటి! వాటికోసం నంద్యాలకో కర్నూలుకో బస్సెక్కాలి. అక్కడా లేకపోతే ఏకంగా హైదరాబాదే. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నించి ఆడవాళ్ళకి పల్లెవెలుగు బస్సులో టిక్కెట్టు లేదు కదా అని మీరనొచ్చు. టిక్కెట్టు లేదు నిజమే. పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరే ఆ ఒక్కరోజు వంటెవరు చేస్తారు? ఆ సంగతి కార్డు వెనకాల రాసి వుండదు.

నా అభిప్రాయం మొదట్లోనే చెప్పేస్తున్నాను. గిఫ్టుకార్డు అంటే ఆడదాని చేతిలో డబ్బు పెట్టినట్టే పెట్టి, తాళంచెవి మాత్రం కొట్టువాడి మొలతాడుకి కట్టడం. ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చాతకాదు.

డబ్బు కానుకగా ఇవ్వడం మనకి కొత్తా? పెళ్ళిళ్ళలో చదివింపులంటే మరేమిటి? పందిట్లో ఓ మూల బల్ల వేసుకుని ఒకాయన పుస్తకం తెరిచి కూచుంటాడు. ఫలానా వూరి ఫలానా వారు 116 రూపాయలు అని రాసుకుంటాడు. మైకులో చదివితే ఇక ఆ దర్జా చెప్పనే అక్కర్లేదు. వంద దగ్గర ఆగకుండా ఆ పదహారెందుకంటే, శుభమా అని ఇచ్చేది సున్నాతో ముగియకూడదని. నేను చూసిన కార్డులన్నీ 500, 1,000, 2,000. ఎటు చూసినా సున్నాలే! సరే, అది నా చాదస్తమనుకోండి, వదిలేద్దాం.

ఆ పుస్తకంలో వున్న మర్యాద గురించి మాత్రం వదలను. ఎవరెంత చదివించారో చూసుకుని, వాళ్ళింట్లో శుభకార్యానికి రూపాయి తగ్గకుండా మనం చదివిస్తాం. ఒకరకంగా అప్పే అది. కాని వడ్డీ లేకుండా సంసారుల మధ్యనే తిరిగే అప్పు. ఆ పూట వచ్చిన డబ్బుతోనే ఆడపెళ్ళివారు వంటవాళ్ళకి ఇచ్చుకుంటారు, షామియానా వాడికి ఇచ్చుకుంటారు, మేళగాళ్ళని సాగనంపుతారు. వచ్చినవాళ్ళంతా కార్డులు చదివిస్తే ఆ వంటాయనకి ఏమివ్వాలండీ? "నాయనా, హైదరాబాదు పోయి ఫలానా మేడలో మూడో అంతస్తులో అత్తరుబుడ్డి కొనుక్కో" అనాలా?

మా అమ్మ రోజుల్లో బ్యాంకులు గిఫ్టు చెక్కులని అమ్మేవి. పూలబొమ్మలతో ముద్దుగా వుండేవి. బ్యాంకుకి తీసుకుపోతే పూర్తి డబ్బు చేతికొచ్చేది, దాంతో బియ్యం కొనుక్కున్నా బీగాలు కొనుక్కున్నా అడిగేవాడు లేడు. ఇప్పటి ప్లాస్టిక్కు కార్డు పుట్టింది అమెరికాలో. 1994లో నీమన్ మార్కస్ అనే పెద్ద కొట్టు మొదలుపెడితే, మరుసటి యేడు వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే బ్లాక్‌బస్టర్ వాళ్ళు అందుకున్నారు. అక్కణ్ణించి నడుచుకుంటూ మా రిజర్వాయరు గట్టు దాకా వచ్చింది.

ఈ కార్డులన్నీ ఒకటే జాతి అనుకుంటారు చాలామంది. కావు. తేడా తెలియకపోతే నష్టపోయేది మనమే గనక కాస్త ఓపిక పట్టి వినండి.

అన్నిటికన్నా ఎక్కువగా కనబడేదీ, అన్నిటికన్నా మొండిదీ ఒక్క కొట్టు కార్డు. ఆ కొట్టులోనే చెల్లుతుంది, పక్క కొట్టులో చిత్తుకాగితం. దీన్ని గురించి రిజర్వు బ్యాంకువారు ఏమంటారంటే, తన సరుకుకి తానే ముందుగా డబ్బు పుచ్చుకున్నాడు, ఇది చెల్లింపు వ్యవస్థ కిందికి రాదు, దీనికి మా అనుమతి అక్కర్లేదు అంటారు. అనుమతి లేదంటే ఆ ఆదేశాల్లోని అదుపూ లేదన్నమాటే. గడువు ఆరునెలలా, ఏడాదా? మిగిలిన చిల్లర ఇస్తాడా, మింగుతాడా? కొట్టువాడు కార్డు వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఏది రాసుకుంటే అదే శాసనం. వినియోగదారుల కమిషన్ వుంది, నిజమే. 1,000 రూపాయల కార్డు కోసం కమిషన్ మెట్లెక్కే తీరిక ఏ ఇల్లాలికుందో నాకు చూపించండి.

బ్యాంకులూ, రిజర్వు బ్యాంకు అనుమతి వున్న కంపెనీలూ ఇచ్చే కార్డు ఇంకొక రకం. రూపే అనో వీసా అనో ముద్ర వుంటుంది, కార్డు గీకే మిషనున్న కొట్లలో చెల్లుతుంది. ఇది కాస్త పెద్దమనిషి. 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లో దీనికి పగ్గాలు వేశారు. విలువ 10,000 రూపాయలు దాటకూడదు. ఒకసారి నింపింది మళ్ళీ నింపకూడదు. నగదుగా తీసుకోవడానికి వీల్లేదు. ఇవి మనకి పగ్గాలు. ఇచ్చేవాడికీ వేశారు: కనీసం ఏడాది గడువివ్వాలి, గడువు దాటిందని తీసుకుపోయి అడిగితే మళ్ళీ చెల్లేటట్టు చేసివ్వాలి, లేదా కొత్తది ఇవ్వాలి. ఇచ్చింది బ్యాంకు కాని కంపెనీ అయితే, గడువు దాటాక కూడా మూడేళ్ళదాకా ఆ మిగులుని తన లాభంలో కలుపుకోకూడదు. మనం ఎప్పుడొచ్చి అడిగినా మన బ్యాంకు ఖాతాలో వెయ్యాలి. ఈ నాలుగు వాక్యాలూ కత్తిరించి బీరువా తలుపుకి లోపలివేపు అంటించుకోండి. "గడువైపోయింది మేడమ్" అని ఫోనులో పాట పాడే అమ్మాయికి చదివి వినిపించడానికి పనికొస్తాయి.

ప్లాస్టిక్కు కూడా లేకుండా ఫోనులోకి ఒట్టి నంబరై వచ్చేవి కొన్ని. ఒక కార్డుతో పది కొట్లలో మనకిష్టమైన ఒకదాన్ని ఎంచుకోమనేవి కొన్ని. వీటి సంగతి తర్వాత వస్తుంది.

ఇక కానుక వేషం కట్టి వచ్చేవి వున్నాయి, వాటితో జాగ్రత్త! 3,000 రూపాయల బట్టలు కొంటే 500 రూపాయల వోచరు "ఉచితం" అంటాడు. ఇంటికొచ్చి చదువుకుంటే, ఆ 500 వాడాలంటే మళ్ళీ 2,500కి కొనాలి, అదీ నెలలోపల, అదీ తగ్గింపు లేని సరుకు మీద. ఇది కానుక కాదు, గాలం. అలాగే రంగు వెలిసిన చీర వెనక్కిస్తే డబ్బివ్వకుండా చేతిలో పెట్టే చీటీ ఒకటుంది, దానికి క్రెడిట్ నోటని మర్యాదైన పేరు. పాడు సరుకిచ్చినవాడు డబ్బు తిరిగివ్వాలా, మళ్ళీ తన కొట్టుకే రమ్మని పిలుపు చీటీ ఇవ్వాలా? కిరాణా అంగట్లో చిల్లర లేదని చాక్లెట్లు చేతిలో పోసేవాళ్ళు గుర్తున్నారా? ఆ చాక్లెట్లు మళ్ళీ వాడికిచ్చి వుప్పు ప్యాకెట్టు అడిగి చూడండి, తీసుకుంటాడేమో! మన రూపాయి వాడికి రూపాయి, వాడి చాక్లెట్టు మనకి చాక్లెట్టే. ఈ మొత్తం కార్డుల వ్యాపారంలో వున్నది అదే చాక్లెట్టు.

లెక్క వేసి చూపిస్తాను. నంద్యాలలో మా బంధువులావిడ 2,000 రూపాయల కార్డు పట్టుకుని కొట్టుకి వెళ్ళింది. నచ్చిన చీర 1,640. మిగిలిన 360 ఇమ్మంటే నగదివ్వరట. పోనీ మరోసారి వచ్చి వాడుకుంటానంటే కార్డు ఒకేసారి వాడాలట. 360 రూపాయలకి సరిపోయే వస్తువు ఆ మేడలో ఏముంటుందండీ? వెతికి వెతికి ఇంట్లో అవసరం లేని దుప్పటొకటి 475కి తీసుకుని, పైన 115 తన పర్సులోంచి తీసి ఇచ్చింది. కానుక అందుకోవడానికి ఎదురు డబ్బు కట్టిందన్నమాట! కట్టకపోతే ఆ 360 కొట్టువాడి పాలు.

అలా వాడి పాలయ్యే డబ్బుకి వ్యాపారస్తుల భాషలో బ్రేకేజి అని పేరు కూడా పెట్టుకున్నారు. పగిలిపోయిన గాజుల్లాంటిదన్నమాట. కాని గాజులు పగిలితే నష్టం గాజులమ్మేవాడిది, ఇక్కడ పగిలిందంతా లాభం! దాన్ని ఆదాయంగా ఎలా రాసుకోవాలో మన దేశపు లెక్కల ప్రమాణాల్లో ప్రత్యేకంగా చెప్పారు. వాడకుండా పోయిన వోచరు డబ్బు మీద జి.ఎస్.టి. కట్టనక్కర్లేదని 2024 డిసెంబరులో ప్రభుత్వం సర్క్యులరు ఇచ్చింది. అమ్మకమే జరగలేదు గనక పన్ను లేదన్న తర్కం బాగానే వుంది. అమ్మకం జరక్కపోతే డబ్బు ఎవరిది అన్న ప్రశ్న మాత్రం ఆ సర్క్యులరు పని కాదు. అమెరికాలో స్టార్‌బక్స్ అనే కాఫీ కొట్ల కంపెనీ, తన కార్డుల్లో జనం వాడకుండా వదిలేసిన డబ్బు కింద 2023లో సుమారు 20 కోట్ల డాలర్లు ఆదాయం చూపించుకుంది. ఒక్క కప్పు కాఫీ కాచకుండా!

వాడినా సరే, వాడేదాకా ఆ డబ్బు ఎవరి దగ్గరుంటుంది? 1,000 మంది ఆడవాళ్ళ పేరు మీద 2,000 చొప్పున కార్డులు కొంటే 20 లక్షలు. ఆరునెలలు ఆ 20 లక్షలు వడ్డీ లేకుండా కొట్టువాడి గల్లాపెట్టెలో తిరుగుతాయి. మా వీధిలో చీటీలు కట్టించే అమ్మని "అమ్మా, ఆరునెలలు వడ్డీ లేకుండా దుడ్లియ్యి" అని అడిగి చూడండి, ఏమంటుందో. ఆవిడ చదివింది అయిదో తరగతి. పొదుపు సంఘంలో పావలా వడ్డీకీ రూపాయి వడ్డీకీ తేడా ఆవిడకి తెలుసు. ఎమ్మేలు చదివిన మన పిల్లలు మాత్రం క్యూలో నిలబడి మరీ ఈ అప్పిచ్చి వస్తున్నారు.

కొట్టు దివాలా తీస్తే? 2008 ఫిబ్రవరిలో అమెరికాలో షార్పర్ ఇమేజ్ అనే కంపెనీ దివాలా కోర్టుకెక్కి, కార్డులు చెల్లవు పొమ్మంది. గోల జరిగాక కాస్త మెత్తబడి, కార్డు విలువకి రెండింతల సరుకు కొంటేనే పుచ్చుకుంటానంది. అంటే 2,000 కార్డు చెల్లాలంటే ఇంకో 2,000 పర్సులోంచి తియ్యాలి. కానుక పుచ్చుకున్నవాళ్ళకి అప్పులవాళ్ళ వరసలో చిట్టచివర చోటు!

మా ఎదురింటి పెద్దమ్మ సంగతి చెబుతాను. డెబ్భై ఏళ్ళు దాటాయి. కొడుకు హైదరాబాదులో మంచి వుద్యోగం. కిందటి పండక్కి తల్లికి 3,000 రూపాయల కార్డు పంపాడు, పట్టుచీరల కొట్టుది. ఆవిడ దాన్ని దేవుడి గూట్లో పెట్టి, మూలకి పసుపూ కుంకుమా బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుంటూ వచ్చింది. ఎనిమిది నెలలయ్యాక ఓ మధ్యాహ్నం కొంగులో చుట్టుకుని మా ఇంటికి తెచ్చింది.

"ఇది యాడ చెల్లుతాదో చూడు పాపా. ఇంగిలీసులో రాసుండాది. కంటద్దాలు మార్చాలని ఆస్పత్రిలో చెప్పినారు. దీన్ని దుడ్లు చేసుకుంటే అద్దాలకి సరిపోతాది గదా."

తిప్పి చూశాను. కుంకుమ కింద గడువు తేదీ. ఆరునెలలే ఇచ్చాడు, అదీ దాటి రెండునెలలు. ఆ కొట్టు హైదరాబాదులో తప్ప మన చుట్టుపట్ల ఎక్కడా లేదు. వెనక వున్న నంబరుకి ఫోను చేశాను. అవతలి అమ్మాయి ఎంత మర్యాదగా మాట్లాడిందంటే, కోప్పడడానికి కూడా సందివ్వలేదు. నగదు ఇవ్వరు, గడువు పెంచరు, "మరేమైనా సహాయం కావాలా మేడమ్?" అని కూడా అడిగింది. ఆ కొట్టు పేరు నేను రాయను. ఒక్క కొట్టు కార్డులు నేను చూసినవన్నీ దాదాపు ఇదే తంతు.

"పోనీలే, వానికి చెప్పొద్దు పాపా. మనసారా పంపినాడు" అంది పెద్దమ్మ. కార్డు మళ్ళీ దేవుడి గూట్లోకే వెళ్ళింది. పాత అద్దాలకి ఒక కాడ ఊడిపోతే దారం కట్టుకుని పేపరు చదువుతోంది. ఇప్పుడు చెప్పండి. ఆ 3,000 కొడుకు ఇచ్చినట్టా, ఇవ్వనట్టా? తల్లి పుచ్చుకున్నట్టా, పుచ్చుకోనట్టా? ఈ వ్యవహారంలో పూర్తిగా పుచ్చుకున్నవాడు ఒక్కడే కనిపిస్తున్నాడు నాకు.

ఈ మాటే మా అక్క కూతురితో అన్నాను. బెంగుళూరులో వుంటుంది, చురుకైన పిల్ల, నా నవలలకి మొదటి విమర్శకురాలు. వూరుకుంటుందా?

"డబ్బిస్తే ఏం బావుంటుంది పిన్నీ? కూలి ఇచ్చినట్టుంటుంది. పైగా నీకు డబ్బు పంపితే ఏం చేస్తావో నాకు తెలీదా? కరెంటు బిల్లు కడతావు, బాబాయికి మందులు తెస్తావు, తమ్ముడికి పరీక్ష ఫీజు కడతావు. నీకంటూ ఒక్కటీ కొనుక్కోవు. కార్డయితే చచ్చినట్టు నీకే కొనుక్కోవాలి. అందుకే కార్డు."

దాని మాటలో నిజం లేకపోలేదు. ఎంతమంది ఆడవాళ్ళం మనకొచ్చిన డబ్బుని ఇంట్లోకే వొంపేస్తున్నామో మనకి తెలుసు. ఈ ఒక్క వాదన ముందు నేను కాసేపు ఆగాను. ఆగి ఆలోచిస్తే ఒళ్ళు మండింది. "చచ్చినట్టు" అన్న మాట చూశారా? మన పుట్టింటివాళ్ళూ, అత్తింటివాళ్ళూ, మొగుళ్ళూ ఇన్నేళ్ళూ మనకి డబ్బివ్వకపోవడానికి చెప్పిన కారణం కూడా ఇదే కదా! "నీకు డబ్బెందుకు, ఏం కావాలో చెప్పు, తెచ్చిపెడతాను." మన మంచికోసమే! పోపుల డబ్బాలో నోట్లు దాచుకోవడం మనం ఎందుకు నేర్చుకున్నాం? చీర తెచ్చిపెట్టేవాళ్ళు లేకనా? తెచ్చిపెట్టేవాళ్ళున్నా, అడక్కుండా ఖర్చు పెట్టుకునే పది రూపాయలు లేక. నేను కరెంటు బిల్లే కడతాను. పరీక్ష ఫీజే కడతాను. అది కట్టిన రోజు నాకు కలిగే తృప్తి పట్టుచీర కడితే కలగదని నేనంటే, కాదనడానికి ఆ బట్టల కొట్టువాడెవడు? కానుక ఇచ్చాక దాన్ని ఏం చేసుకోవాలో చెప్పే హక్కు ఇచ్చినవాళ్ళకే వుండకూడదంటే, మధ్యలో వాడికి ఎక్కణ్ణించి వచ్చింది?

ఇక కూలి ఇచ్చినట్టుంటుందన్న మాట. కూలి సంగతి ఎత్తింది గనక చెబుతాను. ఒకప్పుడు ఇంగ్లండులో ఫ్యాక్టరీల యజమానులు కూలీలకి డబ్బుకి బదులు, తమ కొట్లో మాత్రమే చెల్లే చీటీలూ సరుకూ ఇచ్చేవారు. కూలీ మళ్ళీ యజమాని దగ్గరే, యజమాని చెప్పిన ధరకే పప్పూ వుప్పూ కొనుక్కోవాలి. అది దోపిడీ అని గుర్తించి 1831లో అక్కడ చట్టం చేశారు, కూలి నాణెం రూపంలోనే ఇవ్వాలని. మన దేశంలో 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం కూడా అదే చెప్పింది, చెల్లే నాణెంలోనో నోట్లలోనో ఇవ్వమని. అంటే కూలి మనిషికి ఒక్క కొట్లో చెల్లే చీటీ ఇస్తే చట్టవిరుద్ధం, కన్నతల్లికి ఇస్తే కానుక!

ఫోను కార్డుల సంగతి తర్వాత చెబుతానన్నానుగా, అది ఇదే. మా బంధువుల్లో ఈమధ్య ఒక పెళ్ళి జరిగింది. పెళ్ళికూతురి స్నేహితురాళ్ళు తలా కాస్త వేసుకుని 6,000 రూపాయల కార్డు పంపారు. ప్లాస్టిక్కు కాదు, నంబరు మాత్రమే. పిల్ల ఫోను నంబరు మారిందని పెళ్ళికొడుకు నంబరుకి పంపారు. ఆ అబ్బాయి చెడ్డవాడేం కాదు. కొత్తపెళ్ళాం పెట్టె సర్దుకునేలోపల చెవుల్లో పెట్టుకునే పాటల యంత్రమొకటి తెప్పించుకున్నాడు. "మనిద్దరిదీ కదా" అన్నాడట నవ్వుతూ. పిల్లా నవ్వింది. ఆ నవ్వు నేను చూశాను.

అమ్మాయికి పెళ్ళిలో వచ్చిన కానుక అమ్మాయిదే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను, పెళ్ళికి ముందు గాని పెళ్ళిలో గాని తర్వాత గాని, బంధువులిచ్చినా పరాయివాళ్ళిచ్చినా, ఆ ఆస్తికి స్త్రీ పూర్తి హక్కుదారు అంటుంది. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు, స్త్రీధనం భర్త చేతిలో వున్నా అతను దాన్ని కాపలా కాసేవాడే గాని యజమాని కాడని చెప్పింది. చట్టం దగ్గర లోటు లేదు. కాని నోటయితే ఒళ్ళో పోస్తారు, ఒడిబియ్యంతోపాటు కొంగున ముడేసుకుంటుంది, పదిమందీ చూస్తారు. నంబరయితే ఎవరి ఫోను టింగుమంటే వాళ్ళది. దాన్ని వాడాలంటే మళ్ళీ ఓటీపీ అని ఒకటి రావాలి, అదెవరి ఫోనుకి వస్తుందో చూసుకోండి. ఆడవాళ్ళ పేరుమీద సిమ్ముకార్డు కూడా లేని ఇళ్ళు మా వీధిలోనే నాకు తెలిసి నాలుగున్నాయి.

ఒక మాట పక్కన చెప్పిపోతాను. ఎవరైనా ఫోను చేసి, మీ ఆఫీసు పెద్దననో ఇంకొకరిననో చెప్పి, అర్జంటుగా గిఫ్టుకార్డులు కొని వాటి నంబర్లు పంపమంటే, వాడు దొంగ. వెండిపూత గీకి లోపలి నంబరు చెప్పడమంటే నోట్లకట్ట కిటికీలోంచి పారేసినట్టే. దొంగలకి ఇంతగా నచ్చిన కానుక మనకెందుకు నచ్చాలో ఆలోచించండి.

ఈ కార్డుల్ని అసలు నిషేధించమని నేననడం లేదు. పరదేశంలో వున్న పిల్లాడికి పుస్తకాల కార్డు పంపితే అది ముచ్చటే. అడుగుతున్నది చాలా కొంచెం. అమెరికాలో 2010 ఆగస్టు నించి, కార్డులో వేసిన డబ్బుకి అయిదేళ్ళలోపల గడువు పెట్టకూడదు. ఆస్ట్రేలియాలో 2019 నవంబరు నించి కనీసం మూడేళ్ళు. కెనడాలో అంటారియో రాష్ట్రంవారు 2007లోనే గిఫ్టుకార్డులకి గడువు తేదీయే వుండకూడదన్నారు. మనకి బ్యాంకు కార్డుకి ఏడాదైనా వుంది, ఒక్క కొట్టు కార్డుకి అదీ లేదు. రిజర్వు బ్యాంకు కాదంటే వినియోగదారుల శాఖవారైనా పట్టించుకోవాలి. గడువు పెట్టడం మానిపించాలి. మిగిలిన చిల్లర చేతికిప్పించాలి. కార్డు వెనకాల వుండే షరతులు తెలుగులో, పెద్దమ్మ అద్దాలు లేకుండా చదువుకునేటంత అక్షరాల్లో వేయించాలి. పాలప్యాకెట్టు మీద తేదీ తెలుగులో లేదని ఇన్నాళ్ళూ సర్దుకున్నాం, 3,000 రూపాయల మీద కూడా సర్దుకోమంటారా?

అదంతా జరిగేలోగా, మీ బీరువాల్లో, దేవుడి గూళ్ళలో, పిల్లల పాత జామెట్రీ పెట్టెల్లో పడివున్న కార్డులన్నీ ఇవాళ బయటికి తీయండి. తిప్పి తేదీ చూడండి. బ్యాంకుదయితే వెళ్ళి మళ్ళీ చెల్లేటట్టు చేసిమ్మని అడగండి. కొట్టుదయితే తేదీ వుండగానే వాడెయ్యండి, లేదా ఆ వూళ్ళో వున్న చుట్టాలకిచ్చి డబ్బు పుచ్చుకోండి. మరీ మొండికేస్తే వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి ఫోను చెయ్యండి. మాట్లాడ్డానికి మొహమాటమైతే మీ ఇంట్లో ఇంటర్మీడియేటు చదివే పిల్లకి అప్పగించండి. అది వదలదు.

వచ్చేనెల ప్రొద్దుటూరులో మా శ్రీవారి మేనకోడలి పెళ్ళి. ఆయన నిన్న ఫోను చూసుకుంటూ, "కార్డు పంపించేస్తే సరిపోతుందిగా, కొత్తనోట్ల కోసం ఎక్కడ తిరుగుతాం?" అన్నారు. బనగానపల్లె బ్యాంకులో తెలిసినాయన ఉన్నాడు, రేపు వెళ్ళి అడగమన్నాను. 1,116. పిల్ల చేతికే ఇస్తానని, పుస్తకంలో మాత్రం రాయించమని చెప్పాను.